నిద్ర చాలని చెయ్యి

గోల్ఫ్‌లో బంతి చివరికి పడాల్సిన గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బంతి అడ్డకొలత సుమారు 43 మిల్లీమీటర్లు, బరువు 46 గ్రాముల లోపే. ఈ చిన్న బంతిని ఆ చిన్న గుంతలో వేయడానికి మనిషి నాలుగైదు గంటలు ఎండలో తిరుగుతాడు. ఎనిమిది పది కిలోమీటర్లు నడుస్తాడు. ఒక గుంత అయ్యాక ఇంకోటి, అలా 18.

తెలియనివాళ్లకు ఇది బలమున్నవాడి ఆటలా కనిపిస్తుంది. కర్ర వెనక్కెత్తి, నడుము తిప్పి ఒక్క దెబ్బ కొడితే బంతి మూడొందల గజాల అవతల పడుతుంది మరి. లెక్క రాసే కాగితం మీద మాత్రం ఆ మూడొందల గజాల దెబ్బకూ ఒకటే, గుంత అంచున అడుగు దూరంలో ఆగిన బంతిని మెల్లగా లోపలికి తోసే దెబ్బకూ ఒకటే. పెద్ద మైదానాల్లో 18 గుంతలకు కలిపి 72 దెబ్బలు ప్రమాణమనుకుంటే, అందులో సగం, అంటే 36, గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని దొర్లించడానికే లెక్కగట్టారు. ఈ దొర్లింపు దెబ్బను పట్ అంటారు. నిద్ర తక్కువైన మనిషి మూడొందల గజాల దెబ్బ బాగానే కొట్టగలడు. అతను దొరికిపోయేది ఈ పట్ దగ్గరే.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా వెతికినా గోల్ఫ్ మైదానం ఒక్కటీ కనిపించదు. తెలుగునాట ఈ ఆట చూడాలంటే విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బుకో, హైదరాబాదులో గోల్కొండ కోట నయా ఖిలాలో పరుచుకున్న పచ్చికకో వెళ్లాలి. అయినా నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో బతికేవాళ్లకు ఈ ఆటతో పని ఉంది. నిద్రలేమి మనిషి చేతినీ, కంటినీ, తీర్పునీ ఎలా దెబ్బతీస్తుందో దెబ్బకు ఒకటి చొప్పున కాగితం మీద రాసి చూపించే ఆట ఇది. రాత్రంతా స్టీరింగు పట్టుకునేవాడికి, పొద్దుపోయేదాకా చెక్క చెక్కేవాడికి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు.

ముందు ఒంట్లో జరిగేది చూద్దాం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. దీనికి తోడు ఒంట్లో ఒక గడియారం ఉంది. పగలు మనల్ని లేపి ఉంచుతుంది, తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా పూర్తిగా కిందికి లాగుతుంది, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంకోసారి కాస్త లాగుతుంది. ఆ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో విప్పి చెప్పినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్య నోబెల్ వచ్చింది.

శివరాత్రి జాగారం చేసినవాళ్లకు ఈ రెంటి వరసా అనుభవమే. ఉదయగిరి దగ్గర ఘటిక సిద్ధేశ్వరం కోనకు వెళ్లి రాత్రంతా మేలుకున్నవాడికి తెల్లవారేసరికి విచిత్రంగా హుషారు వస్తుంది. నిద్ర ఎగిరిపోయిందనుకుని బండి తీస్తాడు. ఎగిరిపోయింది ఏమీ లేదు, ఒంటి గడియారం పగటిలోకి తిరిగింది, అంతే. పేరుకున్న అడినోసిన్ అలాగే ఉంది. అడవిదారి మలుపులో కాకపోతే ఇంటికొచ్చి అన్నం తిన్నాకైనా అది పట్టి లాగుతుంది. రామాయణంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుని ఉంటే అతని వంతు నిద్ర ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్నారు. అలా పక్కవాళ్లకు బదలాయించే సదుపాయం మిగతా జనానికి లేదు.

మేలుకుని ఉన్న గంటలకూ చేతి పనితనానికీ ఉన్న లెక్కను 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. కన్నూ చెయ్యీ కలిసి చేయాల్సిన ఒక పరీక్షను మనుషుల చేత రెండు రకాలుగా చేయించారు. ఒకసారి నిద్ర లేకుండా, ఇంకోసారి మద్యం తాగించి. 17 గంటలు మేలుకుని ఉన్నవాడి పనితీరు, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానంగా తేలింది. 24 గంటలు మేలుకుంటే అది 100 మిల్లీగ్రాముల దరిదాపులకు పోయింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, నేరమే. తెల్లారి ఐదింటికి లేచినవాడికి రాత్రి పదింటికి 17 గంటలు నిండుతాయి. చుక్క కూడా ముట్టకుండానే చట్టం గీసిన గీత దాటేసిన మనిషన్నమాట. గొట్టంలో ఊదించే పరికరం అతన్ని పట్టుకోదు.

ఇక గురి సంగతి. ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయంలో టెన్నిస్ ఆటగాళ్లను ఒక రాత్రి ఐదు గంటలే పడుకోనిచ్చి, మర్నాడు సర్వీసులు కొట్టించారు. సర్వీసుల గురి బాగా తప్పింది. కెఫీన్ ఇచ్చి చూసినా ఆ గురి తిరిగి రాలేదు. 2013లో అచ్చయిన ఈ ఫలితం కాఫీ ప్రియులకు చేదు కబురే. కెఫీన్ మెదడులో అడినోసిన్ పనిచేసే చోటును కాసేపు మూసేస్తుంది గాని, పేరుకున్నదాన్ని తీసేయదు. కళ్లు తెరిపిస్తుంది, చేతికి గురి మాత్రం ఇవ్వలేకపోయింది. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం కాఫీ రాత్రి నిద్రకు ఎసరు పెట్టడం అందుకే.

పట్ కొట్టేటప్పుడు కన్ను చేసే పని ఇంకా సున్నితం. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1992లో గోల్ఫ్ ఆటగాళ్ల చూపు ఎటు పోతోందో పరికరాలతో కొలిచారు. మంచి ఆటగాడు కొట్టబోయే ముందు బంతి మీద ఒక్క చోట రెండు క్షణాలకు పైగా చూపు నిలుపుతాడు. బంతి కదిలిపోయాక కూడా ఆ చూపు కాసేపు అక్కడే, పచ్చిక మీదే ఉంటుంది. ఆట అంతగా రానివాడి చూపు బంతికీ గుంతకూ కర్రకూ మధ్య గెంతుతూ ఉంటుంది. రెండు క్షణాలంటే ఎంతనిపిస్తుంది. కానీ నిద్ర చాలని మెదడు పోగొట్టుకునేది సరిగ్గా ఇలాంటి రెండేసి క్షణాలనే. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. ఒక్క రెప్పపాటు కునుకు. కునుకు వచ్చిందని కూడా తెలియదు.

తెలియకపోవడమే ఇందులో అన్నింటికన్నా ప్రమాదం. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాన్ డాంగెన్ బృందం కొందరిని రెండు వారాల పాటు రోజుకు నాలుగు, ఆరు, ఎనిమిది గంటల చొప్పున పడుకోబెట్టింది. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల పనితీరు రోజురోజుకూ దిగజారి, ఒకటి రెండు రాత్రుళ్లు అసలు కన్నే మూయనివాళ్ల స్థాయికి చేరింది. కానీ నిద్రమత్తుగా ఉందా అని అడిగితే, మొదటి రోజుల్లో ఉందన్నవాళ్లే తర్వాత తర్వాత పెద్దగా లేదన్నారు. మత్తుకు అలవాటు పడ్డారు గాని, తప్పులు మాత్రం పెరుగుతూనే పోయాయి. ‘నాకు ఐదు గంటలు చాలండీ’ అని గర్వంగా చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు అబద్ధం ఆడడం లేదు. తమ తప్పుల్ని లెక్కపెట్టే కాగితం వాళ్ల దగ్గర లేదు, అంతే తేడా.

గోల్ఫ్‌నే బతుకుతెరువు చేసుకున్నవాళ్ల నిద్ర మరీ అవస్థ. పెద్ద పోటీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. మొదటి రెండు రోజుల్లో ఒక రోజు పొద్దున్నే, ఒక రోజు మధ్యాహ్నం ఆట పడుతుంది. వానకో చీకటికో ఆట ఆగితే మర్నాడు తెల్లారేసరికి మైదానంలో ఉండి మిగిలిన గుంతలు పూర్తిచేయాలి. వారం తిరిగేసరికి ఇంకో ఊరు, ఇంకో గడియారం.

ఈ బతుకులో మన తెలుగు కుర్రాడు ఒకడున్నాడు. సాహిత్ తీగల. తండ్రి 1987లో చదువు కోసం అమెరికా వెళ్లారు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2022 జూన్‌లో కనెటికట్‌లో జరిగిన ట్రావెలర్స్ పోటీలో నాలుగో రోజు ఆఖరి గుంత దగ్గర నిలబడేసరికి అతను అందరికన్నా ఒక దెబ్బ ముందున్నాడు. మొదటి దెబ్బ ఇసుక గుంటలో పడింది. అక్కణ్నుంచి కొడితే బంతి గట్టుకు తగిలి ఇసుకలోనే ఉండిపోయింది. ఆ గుంతకు రెండు దెబ్బలు ఎక్కువై కప్పు జారిపోయింది. దీన్ని నిద్ర ఖాతాలో వేయడం అన్యాయం. ఇసుక గుంటలు బాగా పడుకున్నవాణ్నీ వదలవు. చూడాల్సింది వేరే ఉంది. నాలుగు రోజులు, డెబ్భై ఒక్క గుంతలు అయ్యాక కూడా ఫలితం ఒక్క దెబ్బ మీద వేలాడుతుంది. అక్కడ అలసట ఎంత కొద్దిగా ఉన్నా దాని ఖరీదు కోట్లలో ఉంటుంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ పోటీలో సాహిత్ ప్రమాణం కన్నా 21 దెబ్బలు తక్కువతో తొలి గెలుపు అందుకున్నాడు. 2024లో సీజన్ ఆఖరి పోటీ టూర్ ఛాంపియన్‌షిప్‌లోనైతే, ఇసుకలో బంతిని కొట్టబోతూ కర్ర వెనక్కెత్తినప్పుడు అది ఇసుకను తాకిందని తానే చెప్పి రెండు దెబ్బల శిక్ష వేయించుకున్నాడు. అయినా మూడో స్థానంలో నిలిచాడు. ఏడాది పొడవునా తిరిగి తిరిగి వచ్చిన ఆటగాడు తన కర్ర ఇసుకను అంటిన ఆ కాస్తనూ గమనించగలిగాడంటే మెదడు ఎంత మేలుకుని ఉండాలి!

ఒక్క రోజు నిద్ర చెడితే కొంపేమీ మునగదనేవాళ్లు గోల్ఫ్ ఆటగాడు స్కాటీ షెఫ్లర్ పేరు చెబుతారు. 2024 మే 17 తెల్లవారుజామున లూయీవిల్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్‌కు వస్తూ, ప్రమాదం జరిగిన దారిలో పోలీసుల చేతికి చిక్కి అరెస్టయ్యాడు. జైలు గదిలోనే ఒళ్లు వంచి సాగదీసి, బయటపడి నేరుగా మైదానానికొచ్చి 66 కొట్టాడు. ప్రపంచమంతా అబ్బురపడింది. మర్నాటి సంగతి అంతగా ఎవరికీ గుర్తుండదు. శనివారం అతను 73 కొట్టాడు, అంటే ప్రమాణాన్ని దాటి. నెలల తరబడి ఒక్క రోజూ అలా దాటని ఆటగాడు. కర్రల సంచి మోస్తూ ఎప్పుడూ పక్కనుండే క్యాడీ ఆ రోజు కూతురి చదువు వేడుకకు వెళ్లాడు గనక ఒక్క కారణానికే దీన్ని కట్టేయలేం. అయినా ఈ వరస మనకు బాగా తెలిసిందే. కంగారు, కోపం, పట్టుదల మొదటి రోజు మనిషిని నిలబెడతాయి. బాకీ రెండో రోజు వసూలవుతుంది. పెళ్లి పనుల్లో రాత్రంతా తిరిగినవాడు ముహూర్తం దాకా నిటారుగానే ఉంటాడు, అప్పగింతలయ్యాక ఎక్కడ కూర్చుంటే అక్కడే కూలబడతాడు.

ఉదయగిరిలో గోల్ఫ్ కర్ర లేకపోవచ్చు గాని, పట్ లాంటి పని ఉంది. దిలావర్‌భాయ్ వీధిలో చెక్క స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్క తెచ్చి, కోసి, చెక్కి, ఆకురాయితో అరగదీసి, నునుపు చేస్తారు. చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇంటి పని, వంట, పిల్లలు అయ్యాకే ఈ పనిలో కూర్చుంటారు. ఫోర్కు పళ్లు విడదీసేటప్పుడు చూడాలి. నాలుగు పళ్లు, ఒక్కోటి అగ్గిపుల్లకు కాస్త లావు. మధ్య సందు సమంగా రావాలి. బలం ఎక్కువైతే పన్ను విరుగుతుంది, తక్కువైతే ఆకురాయి జారి పక్క పన్ను మీద గీత పడుతుంది. అప్పటిదాకా చెక్కిన చెక్కంతా పొయ్యిలోకే. బరువు మోసే పనైతే నిద్ర లేకపోయినా మొండిగా మోసెయ్యవచ్చు. ఈ పనికి మొండితనం పనికిరాదు. పొద్దుపోయాక దీపం కింద చేసిన ముక్కల్లో విరిగినవి ఎన్నో, పొద్దుటి పూట చేసినవాటిలో ఎన్నో విడిగా ఒక డబ్బాలో వేసి చూసుకుంటే, గోల్ఫ్ కాగితం చెప్పే సంగతే ఆ డబ్బా చెబుతుంది.

పని నేర్చుకునే పిల్లలకైతే నిద్ర ఇంకా అవసరం. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్ బృందం కొందరికి వేళ్లతో మీటలు వరుసగా నొక్కే చిన్న పని నేర్పింది. పొద్దున నేర్చుకుని సాయంత్రం చేసినవాళ్లలో పెద్ద మార్పు లేదు. ఒక రాత్రి పడుకుని లేచాక మాత్రం, మధ్యలో ఏ సాధనా లేకుండానే వేగం ఇరవై శాతం దాకా పెరిగింది. చెయ్యి నేర్చినదాన్ని మెదడు నిద్రలోనే గట్టిపరుచుకుంటుంది. సంక్రాంతి పోటీలకు ముందు రాత్రి పన్నెండు దాకా లైట్లు వేసుకుని వాలీబాల్ ప్రాక్టీసు చేసి, పొద్దున్నే పొలానికో కాలేజీకో పరిగెత్తే కుర్రాళ్లు సగం కష్టాన్ని అలా గాలికి వదిలేస్తున్నట్టే. అదే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చెరి మా అనే పరిశోధకురాలు 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఐదు నుంచి ఏడు వారాలు రోజూ పది గంటలు పడకమీద ఉండమంది. వాళ్ల ఫ్రీ త్రోల గురి తొమ్మిది శాతం పెరిగింది. కొత్త కోచ్ రాలేదు, కొత్త బూట్లు రాలేదు.

పది గంటలు పడుకునే భాగ్యం మెట్ట ప్రాంతంలో ఎవరికుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోహిణి కార్తెలో మిద్దె మీద చాప వేసుకున్నా వేడి గచ్చు తెల్లవారుజాముకు గాని చల్లారదు. గాఢ నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, ఉక్కపోతలో అది తగ్గదు. రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కాచుకున్న రైతుల తరం ఇంకా ఇక్కడే ఉంది. గోల్ఫ్ ఆడే దొరలకు నిద్ర ఒక సాధన, వీళ్లకు దొరికినప్పుడు దక్కేది. కానీ దక్కినదాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిస్తే తేడా ఉంటుంది.

ముంబై రోడ్డు మీద ఆ తేడా ప్రాణమంత. కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా వెలికొండలు దాటి బద్వేలు వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారి రాత్రిళ్లు లారీలతోనే మేలుకుని ఉంటుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో రెండు క్షణాల కునుకంటే ముప్ఫై మూడు మీటర్లు ఎవరూ నడపని లారీ. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. స్టీరింగు మీదికి వచ్చే నిద్ర చోటు కూడా ఎరగదు. రాష్ట్రంలో పోలీసులు అర్ధరాత్రి దాటాక లారీలు, బస్సులు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతుంటారు. మంచి పనే, కాసేపు మెలకువ తెస్తుంది. అయితే చల్లనీళ్ల ప్రభావం కొద్ది నిమిషాలే. లాఫ్‌బరో పరిశోధకులే డ్రైవర్ల మీద చూపిన ఉపాయం ఇంతకన్నా గట్టిది. బండి పక్కన ఆపి, ముందు ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే పదిహేను నిమిషాలు కళ్లు మూయాలి. కెఫీన్ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది గనక, లేచిన కాసేపటికి కునుకూ కాఫీ రెండూ కలిసొస్తాయి. టెన్నిస్ సర్వీసు గురికి చాలని కాఫీ, పావుగంట నిద్ర తోడైతే రోడ్డు మీద పనికొస్తుంది. నాసా వాళ్లు విమాన చోదకులకు 26 నిమిషాల కునుకు ఇచ్చి చూసి పనితీరు 34 శాతం మెరుగైందని రాశారు.

గురక సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్నే తల దిమ్ముగా లేచేవాళ్లు, పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. గొంతు దగ్గర దారి మూసుకుపోయి నిద్ర రాత్రంతా ముక్కలు ముక్కలు అవుతుంది, స్లీప్ ఆప్నియా అంటారు. రాత్రిళ్లు ముక్కుకు ఒక మాస్కు పెట్టుకుని గాలి ఒత్తిడితో ఆ దారి తెరిచి ఉంచడం దీనికి వైద్యం. చిక్కేమిటంటే మగవాళ్లు ఆ మాస్కు పెట్టుకోవడానికి ఒప్పుకోరు. గుండెజబ్బు వస్తుందని భయపెట్టినా వినరు. న్యూజెర్సీలో మార్క్ బెంటన్ అనే వైద్యుడు ఇక్కడే తెలివి చూపాడు. గోల్ఫ్ ఆడే రోగులను పట్టుకుని, మాస్కు వాడితే ఆట ఎలా మారుతుందో కొలిచాడు. 2013లో ఫలితం అచ్చయింది. గోల్ఫ్‌లో హ్యాండీక్యాప్ అంటే, మనిషి ప్రమాణం కన్నా ఎన్ని దెబ్బలు ఎక్కువ తీసుకుంటాడో చెప్పే అంకె. తగ్గేకొద్దీ మంచి ఆటగాడని. మాస్కు వాడిన 12 మంది సగటు 12.4 నుంచి 11కి దిగింది. అందులో బాగా ఆడేవాళ్లది 9.2 నుంచి ఏకంగా 6.3కి. వయసు మళ్లిన మగవాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నా అంత తగ్గడం కష్టం. మాస్కు వాడని 12 మందికి మార్పేమీ రాలేదు.

ఆయుష్షు పెరుగుతుందంటే కదలని మనిషి, మూడు దెబ్బలు తగ్గుతాయంటే మాస్కు పెట్టుకున్నాడు. లారీ యజమానులు, ఆర్టీసీ డిపోలు డ్రైవర్ల కళ్లు పరీక్ష చేయించినట్టే గురకనూ అడిగి రాసుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. నిద్రలో ఊపిరి ఆగుతోందో లేదో ముందుగా చెప్పగలిగేది పక్కన పడుకునేవాళ్లే గనక, ఆ ప్రశ్న డ్రైవర్ని కాక ఇంట్లోవాళ్లను అడగాలి.